కెమెరా వాళ్లది, కాళ్లు నావి

సన్మానం చేస్తామని పిలిచి, వందమంది ముందు నా చేతిలో ఒక ఆటబొమ్మ పెట్టారు.

నలభై ఏళ్లు సూరత్‌లో కెమెరా పట్టినవాడిని. గోడాదరా కమ్యూనిటీ హాల్లో మన ఫోటోగ్రాఫర్ల సంఘం వాళ్లు శాలువా కప్పి, రంగుకాగితం చుట్టిన పొడుగాటి పెట్టె ఇచ్చారు. విప్పితే ట్రైపాడ్. గొడుగంత బరువు కూడా లేదు. పెట్టె మీద మాత్రం ‘హెవీ డ్యూటీ’ అని బంగారు అక్షరాలు. నాకు ముక్కు మీదే కోపమని మీకందరికీ తెలుసు. వేదిక మీదే దాని కాళ్లు చాపి, ముందు వరుసలో ఉన్న సరితను పైకి పిలిచి, ఆమె భుజాన ఉన్న పెద్ద కెమెరాను దానిమీద బిగించాను. పొడుగు లెన్సు బరువుకి అది మెల్లగా ముందుకు వంగి సభకు నమస్కారం పెట్టింది. చప్పట్లకు ఎత్తిన చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"రాజేశం కాకా, జర ఊకోరాదే. గిఫ్టు ఇచ్చినోళ్లు ముందట్నే కూసున్నరు" అని సంఘం కార్యదర్శి నా చెవిలో గొణిగాడు.

"కూసుంటే కూసోనీ. రేపు ఈ పిల్ల కెమెరా కిందవడి పలిగితే వాళ్లు కొనిస్తరా?" అన్నాను. మైకు నోటి ముందే ఉందని మరచిపోయాను అనుకున్నారు చాలామంది. మరచిపోలేదు.

సరిత మా గల్లీ పిల్ల. పాతికేళ్లుంటాయి. ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించే పని, మేం స్టోన్ పని అంటాం, అది ఏడేళ్లు చేసి ఒక పాత పెద్ద కెమెరా కొనుక్కుంది. సభ అయ్యాక నన్ను మెట్ల దగ్గర పట్టుకుంది.

"కాకా, వచ్చే సోమారం ఇచ్ఛాపూర్‌ల నాకు పెద్ద షూట్ ఉంది. ఫ్యాక్టరీ లోపట, మషీన్లు చాలూ ఉండంగనే తియ్యాలె. కెమెరా చూస్తే గింత బరువు, నా దగ్గర పైసలు చూస్తే గిన్నే. ఏ ట్రైపాడ్ కొనాల్నో సమ్జాయించు. ఈ ఒక్కటి బ్లర్ వచ్చిందనుకో, ఖతం. మళ్లా స్టోన్ పనికే కూసోవెడ్తరు మా ఇంట్ల."

ఆ చివరి మాట నన్ను గుచ్చింది. సరిగ్గా అలాంటి మాటే పాతికేళ్ల వయసులో నాకూ ఒకాయన చెప్పాడు. అందుకే ఈ పనిలోకి కొత్తగా వస్తున్న మీ అందరికీ కలిపి రాస్తున్నాను. నాకొచ్చిన మెమెంటోల సంగతి ఇందులో లేదు. మూడు కాళ్ల సంగతి ఉంది.

ఎక్కడ కదిలింది?

మా బాపు పేరు ఓదేలు. కరీంనగర్ వైపు నుంచి సూరత్‌కు మరమగ్గాల పనికి వచ్చాడు. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. కింద సాంచెల కార్ఖానా, పైన మా గది. నేను పుట్టింది ఆ గదిలోనే. పగలు ఒక పాళీ, రాత్రి ఒక పాళీ సాంచెలు నడుస్తూనే ఉండేవి. వారానికి ఒకరోజు ఆగేవి. ఆ రోజు మా ఇంట్లో ఎవరికీ ఒళ్లు బాగుండేది కాదు, చిన్నపిల్లలు ఊరికే ఏడ్చేవాళ్లు. మళ్లీ సాంచెలు మొదలైతే గానీ మా అమ్మకు అన్నం సయించేది కాదు.

నేనూ రెండేళ్లు సాంచె నడిపి, తర్వాత జశూభాయ్ స్టూడియోలో చేరాను. జశూభాయ్ గుజరాతీ ఆయన. చీరల కేటలాగులకు ఫోటోలు తీయడంలో దిట్ట. వెలుతురు గురించి నాకు తెలిసిందంతా ఆయన పెట్టిన భిక్షే, ఆ మాట ఎక్కడైనా చెబుతాను. కానీ కెమెరాకు లక్ష పెట్టడానికి వెనకాడని మనిషి, దాన్ని నిలబెట్టే స్టాండుకు వంద పెట్టమంటే మొహం మాడ్చుకునేవాడు. ఇప్పటికీ మీలో సగం మంది జశూభాయ్‌లే.

అప్పటి కేటలాగు కెమెరా అంటే ఇటుకంత ఫిలిం కెమెరా, దానికి చెంబంత లెన్సు. ఫ్లాష్ కొడితే జరీ తెల్లగా మాడిపోతుందని, కిటికీ వెలుతురులో, షట్టర్ నెమ్మదిగా పెట్టి తీయించేవాడు. ఒకసారి తనకు వేరే పని పడి నన్ను ఒంటరిగా పంపాడు. అది నాకు మొదటి సొంత షూట్. మా బాపు పనిచేసే కార్ఖానా సేఠ్‌దే ఆ పని. కింద సాంచెలు, పై అంతస్తులో గోదాము. గోదాములో బొమ్మలకు చీరలు కట్టి, కెమెరాను నట్టనడుమ పెట్టి పన్నెండు రోల్సు తీశాను. ఎత్తు చాలక ట్రైపాడ్ నడిమి గొట్టాన్ని పూర్తిగా పైకి లేపాను. సంబరంగా ఇంటికొచ్చి రెండు గిన్నెలు అన్నం తిన్నాను.

కడిగిన ఫిలిం లైటు బల్ల మీద పరిచి జశూభాయ్ భూతద్దం నా చేతికిచ్చాడు. ఒక్క చీరలో ఒక్క పోగు నిలబడలేదు. అంతా తడిసిన రంగుల్లా అలుక్కుపోయింది.

"జమీన్ హిల్ రహీ థీ. తుఝే పతా నహీ చలా?" అన్నాడు. నేల కదులుతుంటే నీకు తెలియలేదా అని.

"కహాఁ హిలీ?" అన్నాను. ఎక్కడ కదిలింది? నేను వెటకారం చేస్తున్నానని ఆయన అనుకున్నాడు. నేను నిజంగానే అడిగాను.

నన్ను స్కూటర్ మీద ఎక్కించుకుని అదే గోదాముకు తీసుకెళ్లాడు. గుమ్మం దాటుతూనే ఆయన చెయ్యి గోడకు పోయింది. ఆయన కాళ్లకు అంత గట్టిగా తెలిసింది. నేను పక్కనే నిలబడ్డాను, నాకేమీ తెలియలేదు. వేరే ఊరి నుంచి వచ్చిన ఏ పిల్లాడైనా మొదటి అడుగులోనే పట్టేసేవాడు. వణికే నేల మీద పుట్టి, వణికే నేల మీద పాకినవాడిని. నేలంటేనే అది అనుకున్నాను. మనవాళ్లం తప్ప ఈ తప్పు ఇంకెవరూ చేయరు. నాకు తల కొట్టేసినట్టయింది.

జశూభాయ్ అక్కడే, నలుగురి ముందు, గొంతు పెంచకుండా అన్నాడు. "మీ వాళ్లు మషీన్ మీదే ఠీక్. కెమెరా మీకు కుదరదు." సేఠ్ ఇంకో అవకాశం ఇచ్చాడట. కానీ ఈసారి గోదాములో కాదు, నడుస్తున్న సాంచెల మధ్య వేలాడదీసిన చీరలు కావాలట. ఎనిమిది రోజుల గడువు. "ఇది కూడా పాడైతే స్టూడియోకు రావద్దు. సీదా మషీన్ మీదికి పో."

బాపు తిట్లు

ఇంట్లో చెప్పాను. మా బాపుకు నలభై అయిదేళ్లకే చెవులు పోయాయి. సాంచెల చప్పుడు తినేసింది. పెదవులు చూసి మాట అర్థం చేసుకునేవాడు. కార్ఖానాలో అందరికీ ఆ విద్య వస్తుంది, రాకపోతే పని నడవదు.

"మళ్లా సాంచె మీదికి వస్తవా?" అని లేచాడు. "వచ్చి చూడు, కాళ్లిరగ్గొడ్త. నా చెవులు తిన్నది సాలదా దానికి? నీయి గూడ పెడ్తవా?"

"నేల వణుకుతాందట బాపూ. నాకు ఎరుకే కాలే."

"వణకదా మరి? సాంచెలు నడుస్తుంటె నేల నిద్రపోతదా?"

"నీకు తెలుస్తదా?"

"తెల్వకపోతె సాంచె ఎట్ల నడుపుత? చెవుల్లేవు నాకు. ఏ సాంచె తిన్నగ లేదో కాళ్లకే ఎరుకైతది. నువ్వు బూట్లు తొడిగే సాబువైనవ్, నీకెట్ల తెలుస్తది?" ఆయనే మళ్లీ, "ఆ కెమెరా ఏ కాళ్ల మీద నిలవడ్తదో జర నాకు చూపెట్టు" అన్నాడు.

చూపించాను. మా బాపు ఆ ట్రైపాడ్ పైభాగాన్ని రెండు చేతులతో పట్టుకుని, తడిబట్ట పిండినట్టు ఒక్క మెలి తిప్పాడు. అది ఇటు నుంచి అటు తిరిగింది. "గివి ఎండ్రికాయ కాళ్లు. పారెయ్యి" అన్నాడు. ఎండ్రికాయంటే పీత. ట్రైపాడ్ పరీక్ష గురించి ఆ తర్వాత ఎందరో పెద్దల దగ్గర విన్నాను. ఆ మెలిని మించిన పరీక్ష ఇప్పటికీ నాకు తెలియదు.

రోడ్లు కొలిచే కర్రకాళ్లు

స్టేషన్ దగ్గర దుకాణాలన్నీ బాపూ నేనూ తిరిగాం. మంచివి ఉన్నాయి. వాటి ధర నా ఏడాది జీతం. నా జేబుకు అందేవన్నీ ఎండ్రికాయలే. మూడోరోజు శనివారం పాత సామాన్ల బజారులో, ఇనుప తుక్కు పక్కన, పసుపురంగు పూసిన మూడు కర్రకాళ్లు కనిపించాయి. రోడ్లు, కాలువలు కొలిచేవాళ్లు దుర్భిణి పెట్టుకునే స్టాండు అది. కాళ్ల చివర ఇనుప ములుకులు. నడిమి గొట్టం లేదు, పైన వెడల్పాటి ఇత్తడి పళ్లెం. బాపు మెలి తిప్పాడు. కదల్లేదు. నేను ఛాతీ ఆనించి బరువంతా వేశాను. కిర్రుమనలేదు.

దుకాణదారుడు దాన్ని కర్ర లెక్కన అమ్ముతున్నాడు. జశూభాయ్ ట్రైపాడ్ ధరలో సగం కూడా కాలేదు. దాని బోల్టు కెమెరా మరకు రెండింతలు లావు. ఉధనాలో లేత్ మిషన్ నడిపే మనవాడొకాయన రెండింటినీ కలిపే ఇత్తడి బుష్ ఒకటి తిప్పి ఇచ్చాడు. కెమెరా కూర్చునే తల, పాత సినిమా స్టాండుది, తుక్కులోనే దొరికితే దానిమీద బిగించాం.

దాన్ని భుజాన వేసుకుని మా గల్లీలోకి రాగానే కొత్త చిక్కు వచ్చింది. మూలింటి లచ్చవ్వ చేతులు అడ్డంపెట్టి ఎదురొచ్చింది.

"ఓ సారూ, మా రేకులు జరంత ముందటికి వచ్చిన మాట నిజమే. ఇయ్యాల కొల్వకుండ్రి. మా పెద్దోడు పాళీ దిగి రాంగనే ఎనుకకు గుంజుకుంటం."

మున్సిపాలిటీ వాళ్లు కూలగొట్టడానికి కొలతలు తీస్తున్నారని గల్లీ గల్లీ గగ్గోలు పడింది. ఇద్దరు అప్పటికే అరుగు మీది డ్రమ్ములు లోపలికి దొర్లిస్తున్నారు. "నేనేనే లచ్చవ్వా, ఓదేలు కొడుకును" అంటే దగ్గరికొచ్చి మొహం చూసి, "నీ పాడుగాను! పానం పోయినంత పనైంది గదరా" అని వీపు మీద ఒకటి చరిచింది. స్టూడియోలో జశూభాయ్ ఇంకో రకం. "ఆ శూ ఛే? ఏమిటిది? రోడ్డు వేస్తావా, ఫోటోలు తీస్తావా?" అన్నాడు. అక్కడున్న వాళ్లందరూ పగలబడి నవ్వారు. నవ్వనీ అనుకున్నాను. మీ చేతిలో వస్తువును చూసి జనం నవ్వితే నవ్వనివ్వండి. ఫోటో చూసి నవ్వకూడదు, అంతే.

గ్లాసులో నీళ్లు

కార్ఖానాలో ఇనుప మెట్లెక్కితే అటకలాంటి స్లాబు ఉంది. అక్కడి నుంచి కిందికి చూస్తే సాంచెల వరసలన్నీ కనిపిస్తాయి. జశూభాయ్ స్లాబు నట్టనడుమ సుద్దముక్కతో గుర్తు గీశాడు, కెమెరా అక్కడే ఉండాలని.

మా బాపు పక్కవాడికి తన సాంచెలు అప్పజెప్పి పైకొచ్చాడు. ఒట్టి కాళ్లు. చేతిలో స్టీలు గ్లాసు నిండా నీళ్లు. సుద్ద గుర్తు మీద గ్లాసు పెట్టాడు. నీళ్లు గిలగిల కొట్టుకుని అంచు దాటి ఒలికాయి. నాకేసి చూశాడు. ఆ చప్పుడులో మాట వినపడదు. నన్ను బూట్లు విప్పమని సైగ చేశాడు. విప్పాను. అరికాలు నేలకు ఆనించి, కళ్లు మూసుకుని నిలబడ్డాను. పుట్టాక మొదటిసారి నాకు ఆ వణుకు తెలిసింది. పిక్కల దాకా పాకింది. ఇన్నేళ్లూ దీనిమీదే పడుకున్నానా అని ఒళ్లు జలదరించింది.

ఆయన మెల్లగా నడిచాడు. అడుగు వేయడం, ఆగడం, గ్లాసు పెట్టడం. గోడ వైపు వెళ్లేకొద్దీ నీళ్లలో వలయాలు చిన్నవయ్యాయి. దూలం గోడలోకి దిగి స్తంభం మీద కూర్చునే చోట గ్లాసు పెడితే, నీళ్లు పాల మీది మీగడలా నిలిచాయి. మా బాపు అరచెయ్యి కిందికి తిప్పి గాల్లో కదలకుండా పట్టాడు. కార్ఖానా సైగల్లో దానికి అర్థం, నిలిచింది, ఇక పని కానివ్వు అని. పోగు తెగితే ఒక సైగ, దారపు కండె అయిపోతే ఒక సైగ, సాంచె కుదురుగా నడుస్తుంటే ఈ అరచెయ్యి.

తర్వాత నడుముకు కట్టుకున్న మూట విప్పాడు. అందులో మూడు పాత పికర్లు. పికర్ అంటే సాంచెలో దారాన్ని మోసుకెళ్లే నాడెను అటూ ఇటూ కొట్టే తోలు దిమ్మ. నాడె వచ్చి గుద్దినప్పుడల్లా ఆ దెబ్బ తినేది అదే. అరిగిన పికర్ల గుంటల్లో ట్రైపాడ్ ఇనుప ములుకులు సరిగ్గా కూర్చున్నాయి. జారలేదు, మిగిలిన ఆ కాస్త వణుకునూ తోలు మింగేసింది.

నేను అక్కడ కెమెరా బిగిస్తుంటే జశూభాయ్ పరుగున వచ్చాడు. మొహం ఎర్రబడింది. ఆయన అరుపు ఒక్కటీ వినపడలేదు గానీ పెదవులు చదివాను. "బీచ్ మే రఖ్! బీచ్ మే!" నడుమ పెట్టు అంటున్నాడు. కింద సేఠ్ చూస్తున్నాడు. నా పని పోవడానికి ఆ ఒక్క నిమిషం చాలు. అయినా ఆయన కళ్లలోకి చూస్తూ, "నడుమ నుంచి తీసే కదా పోయినసారి పాడుచేశాను. ఇక్కడి నుంచే తీస్తాను" అన్నాను. ఆయనకు పెదవులు చదవడం రాదు. నేను ఒప్పుకున్నాననుకున్నాడో ఏమో, చేతులు విసిరి కిందికి పోయాడు. నేను కదల్లేదు.

ఫ్యాన్లు ఆపించి, చెమటలు కారుతుంటే, గంటల తరబడి తీశాను. కారీగర్లు ఫోటోలో కనిపించకూడదని సేఠ్ షరతు. చీర కనిపించాలట, చీర నేసినవాడు కనిపించకూడదట. చివరి రోల్‌లో చివరి ఫ్రేము మిగిలింది. కింద తన సాంచె దగ్గర మా బాపు తలెత్తి చూశాడు. ఎట్లా ఉంది అని కనుబొమ్మలతో అడిగాడు. అరచెయ్యి చూపించాను. ఆయనా ఒక చెయ్యి సాంచె మీద ఉంచి, రెండో అరచెయ్యి గాల్లో నిలిపాడు. షట్టర్ నొక్కాను. సేఠ్ షరతు సేఠ్ దగ్గరే ఉండనీ అనుకున్నాను.

లైటు బల్ల దగ్గర జశూభాయ్ చాలాసేపు భూతద్దం తీయలేదు. జరీలో పోగు పోగు లెక్కపెట్టొచ్చు. "ఠీక్ హై" అన్నాడు. క్షమాపణ మాత్రం లేదు. ఆ వెంటనే పనివాడిని పిలిచి, ఆ పసుపు స్టాండు స్టూడియో సామాన్లలో పెట్టమన్నాడు. అడ్డం నిలబడ్డాను.

"కెమెరా మీది. కాళ్లు నావి" అన్నాను హిందీలో.

ఆయన నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. తర్వాత పదకొండేళ్లు అక్కడే పనిచేశాను. మషీన్ మీదికి పో అన్న మాట మళ్లీ ఆయన నోట రాలేదు.

బాపుకు ఆయన ఫోటో ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "నాడె కనవడుతలేదేందిరా?" అన్నాడు.

"అది ఉరుకుతాంది బాపూ. అలుక్కపోయింది."

"మరి నేను?"

"నువ్వు నిలవడ్డవ్."

ఆయన ఫోటోను తువ్వాలలో చుట్టి పెట్టెలో దాచుకున్నాడు. ఆయన పోయాక ఇంట్లో గోడకు పెట్టింది ఆ ఫోటోనే. ఆయనకు వేరే మంచి ఫోటో లేదు. కారీగర్లకు ఉండవు.

నా పొగరుకు పడ్డ దెబ్బ

ఆ గెలుపు నా నెత్తికెక్కింది. ఆ కర్రకాళ్లను ఎక్కడికి పడితే అక్కడికి మోసుకెళ్లాను. అమ్రోలిలో ఒక పెళ్లి. చిన్న హాలు, ఇసుక వేస్తే రాలనంత జనం. తలంబ్రాల సమయానికి మంటపం ముందే కాళ్లు వెడల్పుగా చాపి పెట్టాను. పెళ్లికొడుకు మేనత్త అక్షింతల పళ్లెంతో వస్తూ తట్టుకుని పడింది. మోచెయ్యి విరిగింది. అందరూ ఫోటోగ్రాఫర్‌ను తిట్టారు, తిట్టడం న్యాయమే. నేను మాత్రం చూసుకుని నడవాలమ్మా అని ఆమెనే గద్దించాను. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గుపడతాను. జనంలోకి బరువైన స్టాండు తేవద్దు. అక్కడ కెమెరాను భుజం మీద మోయండి, లేదా గోడకు ఆనుకోండి.

సరితతో దుకాణంలో

ఇక అసలు ప్రశ్న. పోయిన గురువారం బాపు గ్లాసు సంగతి, జశూభాయ్ సంగతి చెప్పుకుంటూ సరితను దుకాణానికి తీసుకెళ్లాను. కుర్రాడు సన్నటి ట్రైపాడ్ ఒకటి తీసి, "అంకల్, పదిహేను కిలోలు మోస్తుంది, పెట్టె మీదే రాసుంది" అన్నాడు. పెట్టె మీది రాతను నమ్మకండి. అది మోస్తుందేమో గానీ, మోస్తూ నిలబడుతుందని ఎవరూ రాయరు. మీ కెమెరా, లెన్సు కలిపి ఎంత బరువో దానికి రెండింతలైనా రాసి ఉంటే, అప్పుడు చేత్తో పట్టుకుని చూడండి.

"భాయ్, ఏక్ గ్లాస్ పానీ మిలేగా?" అంది సరిత. పాపం దాహమనుకుని చల్లటి నీళ్లు తెచ్చాడు. ఆమె తాగలేదు. కెమెరా కూర్చునే చోట అట్టముక్క పెట్టి, దానిమీద గ్లాసు పెట్టి, పక్కన నేల మీద కాలితో దబ్బున తన్నింది. నీళ్లు ఎంతసేపటికి కుదుటపడతాయో చూసింది. మొదటి దాని మీద నీళ్లు ఆగనే లేదు. రెండోదాని మీంచి గ్లాసే పడింది. "అరే దీదీ, యే క్యా కర్ రహీ హో!" అని కుర్రాడు గుడ్డ తెచ్చుకున్నాడు.

నాలుగైదు ముక్కల కాళ్లు సంచీలో ఇముడుతాయని మోజుపడతారు. ప్రతి అతుకూ ఒక వదులే. మూడు ముక్కలకు మించవద్దు. ముందు లావు ముక్కలనే లాగండి, సన్నముక్క చివరికి. నడిమి గొట్టం ఉంటే దాన్ని మరచిపోండి. ఎత్తు చాలకపోతే పీట మీద మీరెక్కండి, కెమెరాను ఎక్కించకండి. బరువుకు సంచీ వేలాడదీస్తే అది నేలను తాకుతూ ఉండాలి, ఊగితే లేని వణుకును తెచ్చిపెడుతుంది. డబ్బు తక్కువైతే కాళ్లకే పెట్టండి, తల తర్వాత మార్చుకోవచ్చు. కార్బన్ కాళ్లు తేలిక, మంచివే, కొండలెక్కేవాళ్లకు కావాలి. మనం ఎక్కేది కార్ఖానా మెట్లు.

మూలన దుమ్ములో, మూతబడ్డ కేబుల్ ఛానెల్ ఒకటి అమ్ముకున్న పాత వీడియో ట్రైపాడ్ ఉంది. కాలికి రెండేసి గొట్టాలు, అల్యూమినియం, గీతలు పడి అందవికారంగా ఉంది. సరిత దాని తల పట్టుకుని మెలి తిప్పింది. ఆ పిల్లకు నేను చెప్పలేదు ఆ మెలి, తనంతట తనే తిప్పింది. అది కదల్లేదు. గ్లాసు పెట్టి తన్నింది. నీళ్లు ఒక్కసారి ఉలిక్కిపడి నిలిచాయి.

"దీదీ, యే బహుత్ భారీ హై. లేడీస్ నహీ ఉఠా పాయేగీ" అన్నాడు కుర్రాడు. ఆడవాళ్లు మోయలేరట. సరిత దాన్ని భుజానికెత్తుకుని, "ఏడేండ్లు చీరల గాఁఠడీలు నీ బాపు మోసిండా?" అని తెలుగులోనే అడిగి, బేరమాడి, కొనేసింది. గాఁఠడీ అంటే చీరల మూట. కుర్రాడికి అర్థం కాకపోయినా వెనక్కి తగ్గాడు.

ఇంటికొచ్చాక నా పెట్టెలోంచి మూడు తోలు పికర్లు తీసి ఆమెకిచ్చాను. ఇప్పటి కొత్త మషీన్లలో నాడె లేదు, పికర్లు లేవు, ఎక్కడా దొరకవు. "ఇవి మా బాపువి" అన్నాను. ఆమె వాసన చూసి, కళ్లకద్దుకుని సంచీలో పెట్టుకుంది.

సోమవారం

పొద్దున పదకొండుకు సరిత నుంచి వీడియో కాల్ వచ్చింది. ఇచ్ఛాపూర్ ఫ్యాక్టరీలో ఇనుప అటక మీద ఉంది. చప్పుడు తప్ప ఏమీ వినపడటం లేదు. ఫోను తిప్పి చూపించింది. రెండు గొట్టాల కాళ్లు, వాటి కింద మూడు పికర్లు, పక్కన నేల మీద స్టీలు గ్లాసు. అటక నడుమ కాదు, స్తంభం పక్కన పెట్టింది. ఆమె కాళ్లు చూశాను. చెప్పులు లేవు.

ఎవరో మేనేజర్ ఆమె ముందుకొచ్చి చేతులు ఊపుతున్నాడు. చొక్కా జేబుకు కంపెనీ బిళ్ల. ఫోను ఆమె చేతిలోనే ఉంది, వాడి మొహం నాకు కనిపిస్తోంది. పెదవులు చదివాను. నడుమ పెట్టు అంటున్నాడు. ఆ తర్వాత, కెమెరా ఎవరిది, ఎవరు పంపారు నిన్ను అంటున్నాడు. జశూభాయ్ మళ్లీ బతికొచ్చి నిలబడ్డట్టుంది. నేనే ఫోనులోంచి అరవబోయాను. అరిచినా ఎవరికీ వినపడదని ఆగాను.

సరిత ఫోనును రెయిలింగ్ మీద ఆనించి వాడి వైపు తిరిగింది. ఆమె మొహం పక్క నుంచి కనిపిస్తోంది. నాలాగే సాంచెల మీది గదిలో పుట్టిన పిల్ల కదా, వాడి మాట ఆమె కూడా చదివింది. హిందీలో నిదానంగా, ఒక్కొక్క మాటా విడదీసి, వాడికి కూడా పెదవుల మీద కనిపించేట్టు చెప్పింది.

కెమెరా నాదే. కాళ్లూ నావే.

వాడు పక్కకు తప్పుకున్నాడు. సరిత వంగి గ్లాసులో నీళ్లు చూసింది. తర్వాత ఫోను వైపు తిరిగి, అరచెయ్యి కిందికి తిప్పి, గాల్లో కదలకుండా పట్టింది.

గోడాదరాలో, గోడ మీది మా బాపు ఫోటో కింద కూర్చుని, నేనూ నా అరచెయ్యి ఎత్తి పట్టాను. వయసు మీదపడి ఈ మధ్య నా చెయ్యి వణుకుతుంది. ఆ కాసేపు వణకలేదు.